పసిబిడ్డల మూత్రపిండములు, అలమారలలోని సిద్ధాంతవ్యాసములు

కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయ ఉపకులపతి గారి సముఖమునకు, వరంగల్లు



తమ విశ్వవిద్యాలయమునకు అనుబంధములైన కళాశాలలలో శిశువైద్యము నభ్యసించు ప్రతి ఎం.డి. విద్యార్థియు, పట్టము పుచ్చుకొనుటకు ముందు ఒక సిద్ధాంతవ్యాసమును వ్రాసి సమర్పింపవలెనను నియమము కలదు గదా. ఆ వ్యాసములలో కొన్నిటినైనను ఏటేట ఒకే ప్రశ్నావళి ననుసరించి, ఒకే విషయమును గూర్చి, అనగా పసిబిడ్డల మూత్రపిండ వ్యాధులను, వానికి మూలములైన జన్యుదోషములను గూర్చి వ్రాయింపుడని ప్రార్థించుటకే ఈ లేఖ. ఇందులకు క్రొత్త భవనము గాని క్రొత్త పదవి గాని అక్కరలేదు. తమ ఉత్తరువొక్కటి చాలును. నేను వైద్యుడను గాను. హనుమకొండలో ప్రకృతిశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయుడను. విద్యాధికుల వ్యవహారమున అనధికారి తల దూర్చుట మర్యాద గాదని యెఱిగియు ఈ విన్నపమును బహిరంగముగా చేయుటకు హేతువేమనగా, దీని ఫలము నొందవలసినవారు తమ కార్యాలయమునకు అర్జీ పెట్టుకొనగలవారు కారు. వారిలో పెక్కుమందికి తమ బిడ్డ జబ్బు పేరైనను తెలియదు.

మూత్రపిండ వ్యాధి యనగానే తెలుగునాట ఎవరికైనను శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము స్ఫురించును. కొబ్బరితోటలలో, జీడితోటలలో కష్టించి పనిచేయు వయోజనులు కారణము తెలియని వ్యాధిచే క్షీణించుటను పత్రికలు ఏండ్ల తరబడి వ్రాసినవి, నాయకులు వచ్చి చూచిరి, 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ పరిశోధనా కేంద్రమును ఆసుపత్రియు ప్రారంభమైనవి. సంతోషమే. కాని పిల్లల వ్యాధి ఒక సీమకు కట్టుబడి యుండదు. పది ఊళ్లలో పదిమందిగా చెదరి యుండును గనుక అది యెన్నడును వార్త కాలేదు. పూర్వపు వరంగల్లు, కరీంనగరము, ఖమ్మము, ఆదిలాబాదు జిల్లాలనుండి మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి, మనము వాడుకలో ఎం.జి.ఎం. అనుదానికి, వచ్చు బిడ్డలలో వీరును కలరు. వానకాలపు జ్వరముల నడుమ, చలికాలపు న్యుమోనియాల నడుమ వీరు కంటికి ఆనరు.

వీరిలో తఱచుగా కానవచ్చునది నెఫ్రోటిక్ సిండ్రోమ్. రెండేండ్లో మూడేండ్లో నిండిన బిడ్డ యొకనాడు నిద్ర లేచునప్పటికి కనురెప్పలు ఉబ్బి యుండును. దోమ కుట్టినదని తల్లి యనుకొనును. నాలుగు దినములకు పాదములు వాచును, పిదప పొట్ట. ఒంటికి నీరు పట్టినదని ఊరివారందురు, ఉప్పు మాన్పింతురు, దిష్టి తీయుదురు; నాటుమందిచ్చువాడు ఏదో వేరు నూరి త్రాగించును. మూత్రములో నురుగు కట్టి నిలుచుట మాత్రము ఎవరి దృష్టికిని రాదు. ఒక్కొక్క మూత్రపిండమునందు సుమారు పది లక్షల సూక్ష్మమైన వడపోత ముడులు కలవు. పెద్దవారిలో దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవము వానిగుండా వడియుచుండగా, రక్తములోని ఆల్బుమిన్ అను మాంసకృత్తు మాత్రము గీటు దాటక నిలిచిపోవలెను. ఆ వడపోతగుడ్డ నేత సడలినచో ఆల్బుమిన్ మూత్రములో కొట్టుకొనిపోవును. రక్తనాళములలో నుండవలసిన నీరు దేహమంతట ఊరును.

దీనిని కనిపెట్టుటకు గొప్ప యంత్రమేదియు వలదు. గాజుగొట్టములో మూడువంతుల వఱకు మూత్రము పోసి, అడుగుభాగమును వ్రేళ్లతో పట్టుకొని, పైభాగమును మాత్రము స్పిరిట్ దీపముపై కాచినచో, మాంసకృత్తు గలదేని పైభాగము తెల్లగా విరిగి అడుగుభాగము నిర్మలముగా నిలుచును. అసెటిక్ ఆమ్లము ఒకటి రెండు చుక్కలు వేసినను ఆ తెలుపు కరుగకున్నచో సందేహమునకు తావు లేదు. ఇప్పుడు రంగు మారు పట్టీలు వచ్చినవి గనుక ఇంటిలోనే చూచుకొనవచ్చును. ములుగు దాపున నున్న గ్రామమునుండి నా యొద్దకు ఉత్తరములు వ్రాయించుకొనుటకు వచ్చు ఒక తల్లి, తన కుమారుని నాలుగు గీతల కాపీ పుస్తకములో వెనుకవైపునుండి మొదలిడి, తారీఖు, పట్టీ రంగునుబట్టి ఎన్ని ప్లస్సులు, ఎన్ని గోలీలు, జ్వరమున్నదా లేదా యని, పుటకు నాలుగు నిలువుగీతలు గీసి వ్రాసి యుంచినది. పట్టీలు దొరకని దినములలో ఆ గడిని ఖాళీగా విడిచినదే కాని ఊహించి నింపలేదు. బడిలో ప్రయోగశాల పుస్తకములు దిద్ది దిద్ది విసిగినవాడను గనుక ఆ ఖాళీ గళ్ల విలువ నాకు తెలియును. "మంచిగుంటే ఒక్క ప్లస్సు సారూ, సర్ది చేస్తే మూడు. గోలీలు తగ్గిస్తే మల్ల మొదలైతాంది. మా పిలగానికే ఎందుకైతాందో గది మాత్రం ఎవ్వలు చెప్తలేరు" అని ఆమె యన్నది.

ఆమె యడిగిన ఎందుకు అను ప్రశ్నకు, కొందఱి విషయముననైనను, నేడు సమాధానము కలదు. నెఫ్రోటిక్ పిల్లలలో పదింట ఎనిమిది తొమ్మిది మందికి ప్రెడ్నిసొలోన్ గోలీలతో కొన్ని వారములలోనే వాపు దిగిపోవును. తిరిగి తిరిగి వచ్చినను వారిలో అధికులు పెద్దవారగునప్పటికి బయటపడుదురు. మిగిలిన ఒకరిద్దఱికి ఆ మందు పనిచేయదు. వీరికి మోతాదు పెంచి, పిదప మందు మార్చి, సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వంటి రోగనిరోధక శక్తిని అణచు ఔషధములనిచ్చి వేచి చూచుట వాడుక. ముఖము పూర్ణచంద్రుని వలె గుండ్రనగును, ఎదుగుదల నిలిచిపోవును, చిన్న పుండును చీము పట్టి పెద్దదగును. తోడి పిల్లలు బడిలో ఎగతాళి చేయుదురు. 1998లో ఫిన్లండు శాస్త్రజ్ఞుడు కార్ల్ ట్రిగ్వసన్ బృందము నెఫ్రిన్ అను మాంసకృత్తును, 2000లో పారిస్ నగరమున కోరిన్ ఆంటిన్యాక్ బృందము పోడోసిన్ అను మఱియొకదానిని నిర్ణయించునంతవఱకు, ఈ పిల్లల వడపోతలో ఏ పోగు తెగినదో ఎవరికిని తెలియదు. ఆ మాంసకృత్తులను తయారుచేయు జన్యువులలో దోషమున్నచో నేత పుట్టుకతోనే లోపభూయిష్ఠము. రోగనిరోధక శక్తి నెంత అణచినను అది సాధారణముగా చక్కబడదు. 2015లో ప్రకటితమైన ఒక అంతర్జాతీయ పరిశోధనలో, ప్రెడ్నిసొలోన్‌కు లొంగని నెఫ్రోటిక్ వ్యాధి గల 1,783 కుటుంబములను పరీక్షింపగా, 526 కుటుంబములలో, అనగా నూటికి సుమారు ముప్పదింట, ఏదో యొక్క జన్యువులోని దోషమే హేతువని తేలినది. బిడ్డ యెంత పసివాడైన ఆ సంభావ్యత అంత యెక్కువ.

కారణము తెలిసినంతమాత్రమున లాభమేమని అడుగువారు కలరు. లాభము మొట్టమొదట మానుకొనుటలో నున్నది: పనిచేయని మందును ఏండ్ల తరబడి మ్రింగింపనక్కరలేదు. రెండవది, ఇట్టి జన్యుదోషము గల బిడ్డకు మూత్రపిండ మార్పిడి చేసినచో వ్యాధి క్రొత్త మూత్రపిండమునకు తిరిగి సోకుట అరుదు; ఈ సంగతి ముందుగా తెలిసినచో దాత విషయమున కుటుంబము ధైర్యముగా నిశ్చయించుకొనగలదు. మూడవది, దోషము కోఎంజైమ్ క్యూ10ను నిర్మించు జన్యువులలో నున్నదని తేలినచో, ఆ పదార్థమునే సకాలమున నోటి మందుగా నిచ్చి కొందఱు పిల్లలలో మాంసకృత్తు నష్టమును తగ్గింపగలిగిరి. అట్టి బిడ్డలు స్వల్పసంఖ్యాకులే. కాని ఆ స్వల్పసంఖ్యలో వరంగల్లు బిడ్డ యొకడుండి, ఎవరును పరీక్షింపకపోయిన కారణమున వాడు డయాలిసిస్ మంచమునకు చేరినచో, అది విధి యని చెప్పి ఊరకుండుటకు నా మనస్సు ఒప్పుకొనదు.

ఇంతకంటె మనకు దగ్గఱదైన ఉదాహరణ మొకటి కలదు. నల్లగొండ జిల్లాలో బిడ్డ కాళ్లు వంకరపోయినచో ఫ్లోరైడు నీరు కారణమని చెప్పుటకు ఎవరును తడుముకొనరు. అది చాలవఱకు న్యాయమే. మోకాళ్లు ఒండొంటికి తగులునట్లు కాళ్లు వంగిన వైనమును హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లోనే లోకమునకు తెలియజేసిరి. విటమిన్ డి లోపముచే దొడ్డికాళ్లు వచ్చుటయు కలదు. కాని ఎముకలు మెత్తబడి కాళ్లు వంగుటకు మూడవ మార్గమొకటి మూత్రపిండములోనుండియు పోవుచున్నది. డిస్టల్ రీనల్ ట్యూబ్యులర్ అసిడోసిస్ అను వ్యాధిలో, మూత్రపిండ నాళికలు ఆమ్లమును బయటికి పంపలేవు. రక్తమున ఆమ్లత పెరిగి, ఎముకలలోని సున్నము కరగి, బిడ్డ ఎదుగక, దాహముతో అల్లాడుచు, మాటిమాటికి మూత్రమునకు పోవుచు, కాళ్లు వంగి కూర్చుండును. కొందఱికి చెవుడు కూడ తోడగును. ఆ చెవుడును ఆ ఆమ్లతయు ఒక్క జన్యుదోషము వలననే కలుగునని 1999లో తేలినది. దీనికి ఔషధమేమందురు? సోడియం బైకార్బొనేటు, పొటాషియం సిట్రేటు వంటి క్షారములు; మందుల దుకాణములో మిక్కిలి చవుకయైన వానిలో చేరినవి. క్రమము తప్పక ఇచ్చినచో బిడ్డ ఎదుగును, ఎముక గట్టిపడును. ఫ్లోరోసిస్ అని ముద్ర వేసి పంపివేసిన బిడ్డలలో ఇట్టివారు ఎందఱున్నారో లెక్కించుటకైనను ఒక థీసిస్ చాలదా? రక్తములో బైకార్బొనేటు, మూత్రముయొక్క ఆమ్లత, పొట్ట అల్ట్రాసౌండు, చెవి పరీక్ష, ఇంతే గదా కావలసినది.

ఆల్పోర్ట్ సిండ్రోమ్‌ను గూర్చి ఒక్క మాట. 1927లో సెసిల్ ఆల్పోర్ట్ అను వైద్యుడు మూత్రమున రక్తము, చెవుడు తరతరములుగా నడచుచున్న ఒక కుటుంబమును వర్ణించెను. ఎక్కువ కుటుంబములలో ఈ దోషము ఎక్స్ క్రోమోజోముపై నుండుటచే, తల్లి తేలికగా గడపిన వ్యాధి కుమారుని క్రుంగదీయును. రామిప్రిల్ వంటి సామాన్యమైన మందు ముందుగా మొదలిడినచో మూత్రపిండముల పతనము ఏండ్లకొలది వెనుకకు జరుగును. కాని ఆ ముందుగా అనునది రావలెనన్న, మూత్రము ఎఱ్ఱబడిన బిడ్డను చూచిన వైద్యుడు, "మీ మేనమామకు చెవులు సరిగా వినబడునా?" యని అడుగవలెను. ఈ ప్రశ్నకు ఖర్చు లేదు. కేసు షీటులో దానికి గడి లేదు. సిస్టినోసిస్, హైపర్ఆక్సలూరియా, శైశవ పాలిసిస్టిక్ వ్యాధి మొదలగువానిని పేరుపేరున వివరించి తమ సహనమును పరీక్షింపను. అవి తమ ఆచార్యులకు నాకంటె నూఱురెట్లు తెలిసినవి.

ఇక ఈ ప్రశ్న ఇతర ప్రాంతములకంటె మనకు ఎక్కువ సంబంధించినదని ఏల అనుచున్నాననగా, మన పెండ్లిండ్లను బట్టి. మేనరికము మన యింటి మర్యాద. 1955 నాటి హిందూ వివాహ చట్టము సైతము ఆచారమున్న చోట దానిని తప్పుపట్టదు. మేనబావ మేనమరదలి బిడ్డకు ఏదైన జన్యువుయొక్క రెండు ప్రతులును ఒకే పూర్వుని ఒకే ప్రతినుండి దిగివచ్చి యుండుటకు పదునాఱింట ఒక వంతు అవకాశము కలదు. మేనమామ మేనకోడలి బిడ్డకు ఎనిమిదింట ఒక వంతు. ప్రతి మానవునియందును దోషప్రతులు కొన్ని నిద్రాణములై యుండును. రెండు దోషప్రతులు ఒక్క బిడ్డయందు కూడినపుడే పైని చెప్పిన వ్యాధులలో పెక్కు వెలువడును. ఈ లెక్కను మన గడ్డమీద మొదట వేసినవారు పరాయివారు కారు. పిఠాపురమున జన్మించి, జె.బి.ఎస్. హాల్డేన్ వద్ద శిష్యరికము చేసిన ద్రోణంరాజు కృష్ణారావు, తన సహచరుడు పి. మీరాఖాన్‌తో కలసి, ఆంధ్రప్రదేశపు రక్తసంబంధ వివాహములను గూర్చి 1960లోనే వ్యాసము ప్రకటించిరి. చెవి అంచున మొలచు వెంట్రుకలు ఏ వంశములో ఎట్లు దిగివచ్చుచున్నవో కూడ ఆ ద్రోణంరాజు తన కుటుంబములోనే పరిశోధించెనని చెప్పినచో నా విద్యార్థులు నవ్వెడివారు. నవ్విన పాఠమును మఱచిపోలేదు.

అయితే మేనరికమును తిట్టి చేతులు దులుపుకొనుటకు వీలులేదని తరువాతి పరిశోధనలు చూపినవి. హైదరాబాదు సి.సి.ఎం.బి. పరిశోధనా సంస్థకు చెందిన లాల్జీసింగ్, తంగరాజ్ మొదలగువారు విదేశ సహచరులతో 2009లో ప్రకటించిన పరిశోధనలో, మన వైశ్యులు పొరుగు సమూహములతో దాదాపు కలియక రెండు మూడు వేల ఏండ్లుగా తమలో తామే పెండ్లాడుచు వచ్చిరని కనుగొనిరి. ఈ సమూహములో కొందఱికి సక్సినైల్‌కోలిన్ అను కండరములు సడలించు మందును ఛేదించు ఎంజైము లోపించుటచే, శస్త్రచికిత్సలో మత్తు ఇచ్చు వైద్యులు మన ప్రాంతమున ఆ ప్రశ్న అడుగుట నేర్చుకొనిరి. ఒక్క ప్రశ్న ప్రాణములను కాపాడుటకు అది నిదర్శనము. 2017లో తంగరాజ్ బృందము పాల్గొన్న మఱియొక పరిశోధన, దక్షిణాసియాలోని 263 సమూహములలో 81 సమూహములు, ఫిన్లండు ప్రజలకంటెను అష్కెనాజీ యూదులకంటెను బలముగా, కొద్దిమంది పూర్వులనుండి విస్తరించినవని నిర్ధారించినది. వానిలో పదునాలుగు సమూహముల జనసంఖ్య పదేసి లక్షలకు పైబడినది. దీని యర్థమేమి? మేనరికము చేసికొనకున్నను, కులములోనే సంబంధము కలుపుకొన్న దంపతులు, ఎన్నడో ఒక పూర్వుని దోషప్రతిని ఇరువైపులనుండి మోయుచుండవచ్చును. కావున మేనరికపు దంపతులనే నిందించుట అన్యాయము, అశాస్త్రీయము. వారిలో అత్యధికులకు ఆరోగ్యవంతులైన బిడ్డలే కలుగుదురు.

నింద యన్నప్పుడు అది యెవరిపై పడుచున్నదో తమకు చెప్పనక్కరలేదు. కోడలి కడుపు మంచిది కాదందురు. రెండు దోషప్రతులు కావలసిన వ్యాధిలో ఒకటి తండ్రినుండియే వచ్చినదని, ఇద్దఱును ఆరోగ్యవంతులేనని, ఇందులో ఎవరి పాపమును లేదని, అత్తగారు వినునట్లు ఒక అధికారి కుర్చీలో కూర్చుండి చెప్పుట కూడ వైద్యమే. ఇంకొక భ్రమ కలదు. ఇట్టి దంపతులకు వ్యాధి గల బిడ్డ కలుగు అవకాశము నాలుగింట ఒక వంతు అని చెప్పినచో, ఒక బిడ్డకు వచ్చినది గనుక ఇక మూడు కాన్పులు నిర్భయమని వారు లెక్క వేసికొందురు. నేను గణితము కూడ బోధించినవాడను. చదువుకొన్నవారును ఈ తప్పు చేయుదురు. ప్రతి కాన్పునకును ఆ నాలుగింట ఒక వంతు క్రొత్తగానే యుండునని నాణెము ఎగురవేసి చూపించు మనిషి ఆసుపత్రిలో ఒకడుండవలెను.

ఫిన్లండు పేరు పైని రెండు మార్లు వచ్చినది. మూడవ మారు చెప్పుటకు ప్రబలమైన కారణము కలదు. ఆ దేశమున కొందఱు శిశువులు పుట్టుకనుండియే నెఫ్రోటిక్ వ్యాధితో ఉబ్బి, ఏడాది రెండేండ్లు నిండకుండగనే పోవుచుండెడివారు. 1956లో నీలో హల్మన్ మొదలగువారు ఆ వ్యాధిని వర్ణించిరి. రేయో నోరియో అను యువ శిశువైద్యుడు ఊరూర తిరిగి, చర్చిలలోని జనన, వివాహ నమోదు పుస్తకములను తిరుగవేసి, 57 కుటుంబముల వంశవృక్షములను గీసి, వ్యాధి రెండు దోషప్రతులు కూడినచో వచ్చునట్టిదని 1966లో తన సిద్ధాంతవ్యాసముగా నిరూపించెను. ఆయన చేతిలో జన్యువును చదువు యంత్రమేదియు లేదు. అప్పటికి అట్టి యంత్రము లోకముననే లేదు. ముప్పదిరెండేండ్ల పిదప ట్రిగ్వసన్ బృందము నెఫ్రిన్‌ను పట్టుకొన్నదనిన, ఆ నడుమ ఎందఱో చేసిన శ్రమ కలదు. కాని మొట్టమొదటి పునాది ఒక విద్యార్థి చేతివ్రాత. నేడు అక్కడ ఆ వ్యాధి గల శిశువులకు రెండు దోషప్రతులు ఏవైయుండునో ముందుగనే తెలిసియుండును, ఏలయనగా రెండే రెండు మార్పులు నూటికి తొంబదికి పైగా దోషప్రతులకు హేతువులు.

మన దేశమున థీసిస్‌లు ఎట్లు వ్రాయబడుచున్నవో తమకు తెలియనిది కాదు. విద్యార్థి వచ్చిన కొన్ని నెలలకే అంశము ఖరారు కావలెను. ఎథిక్స్ కమిటీ గడువు ముంచుకొని వచ్చును. గైడు చెప్పిన దానిని, ఆ వార్డులో ఆ యేడు సులభముగా దొరకు రోగులతో, తనకు తోచిన ప్రొఫార్మాతో పూర్తిచేయును. అతడడిగిన ప్రశ్నలను తరువాతి సంవత్సరపు విద్యార్థి అడుగడు. వరంగల్లులో అడిగినదానిని నిజామాబాదులో అడుగరు. పరీక్ష ముగిసిన పిమ్మట నల్లని అట్టపై బంగారు అక్షరములతో ఆ గ్రంథము గ్రంథాలయపు అలమారలో విశ్రమించును. ఇందులో ఆ యువకుల దోషమేమియు లేదు. రాత్రింబవళ్లు డ్యూటీ చేయువారు వారు. ఆ శ్రమకు ఒక వరుస కల్పించు అధికారము మాత్రము తమ చేతిలో నున్నది. 1959లో స్థాపితమైన కాకతీయ వైద్యకళాశాల మొదలుకొని నేడు జిల్లాజిల్లాకు వెలసిన కళాశాలల వఱకు తమ యేలుబడిలో నున్నవి. అన్నిటను ఒకే ప్రొఫార్మా పెట్టినచో, పదేండ్లలో తెలంగాణపు పిల్లల మూత్రపిండ వ్యాధుల నమోదుపట్టిక తనంత తానే సిద్ధమగును.

ఆ ప్రొఫార్మాలో ఏమేమి ఉండవలెనో తమ ఆచార్యులు నిర్ణయింతురు గాక. గళ్లు నింపబడు చోట కూర్చుండువాడను గనుక నాకు తోచినది చెప్పెదను. మూడు తరముల వంశవృక్షము, దంపతుల చుట్టరికము, పూర్వుల స్వగ్రామము, చిన్ననాటనే పోయిన బిడ్డలు ఎవరైన నున్నచో వారి వాపు, చెవుడు, రాళ్లు, కాళ్ల వంకర. గోలీలకు లొంగినదా లేదా యన్న సమాచారము తారీఖులతో. వీనితో పాటు ఊదారంగు మూత గల చిన్న గొట్టములో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తము, తల్లిదండ్రులదియు బిడ్డదియు. కాజీపేటలో రైలెక్కిన రక్తపు గొట్టము ఆ పూటనే హైదరాబాదు చేరును. అక్కడ 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానము ననుసరించి సి.డి.ఎఫ్.డి. అను జన్యుపరిశోధనా సంస్థయు నిమ్స్‌యు కలసి ఉత్కృష్ట కేంద్రముగా నియమింపబడి యున్నవి. ఆ విధానపు పట్టికలో శైశవ పాలిసిస్టిక్ వ్యాధి పేరు కలదు. 2022 సవరణతో ఒక్కొక్క రోగికి సహాయము 50 లక్షల రూపాయల వఱకు పెరిగినది. జన్యువులను చదువు ఎగ్జోమ్ పరీక్షకు వేల రూపాయలగును, కూలివారికి అది కొండంత భారము. గోలీలకు లొంగని బిడ్డలకును, ఏడాది నిండకుండ వ్యాధి పొడసూపిన బిడ్డలకును ముందుగా చేయించి, తక్కినవారి డి.ఎన్.ఎ.ను భద్రపఱచినను సరియే. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023లో పది లక్షలకు పెంచిన ప్రభుత్వమునకు, డయాలిసిస్‌కు వ్రాసి యిచ్చు చెక్కుతో పోల్చి చూపినచో, ఈ పరీక్షను జాబితాలో చేర్పించుట అసాధ్యము గాదని నా నమ్మకము. పాత కేంద్రకారాగారపు స్థలమున 2021లో శంకుస్థాపన జరిగిన ఇరువదినాలుగంతస్తుల ఆసుపత్రిలో, ఈ కుటుంబములతో మాటలాడుటకు తలుపు మూసికొను వీలున్న గది యొకటి దొరకకపోదు.

ఆక్షేపణలు రాకమానవు. ఇంటిలో జన్యుదోషమున్నదని తెలిసినచో ఆడపిల్లకు సంబంధము తప్పిపోవుననునది వానిలో గట్టిది. నేను దానిని కొట్టిపారవేయను. అందులకే పేరునకు బదులు సంకేతసంఖ్య, కులమునకు సంబంధించిన గడి వేఱొక పుస్తకమున, ఆ పుస్తకము తాళముతో. ఏ కులములో ఏ దోషమున్నదో శాస్త్రమునకు కావలెను, సభలలో ప్రకటించుటకు మాత్రము కాదు. గర్భస్థ శిశువును పరీక్షించుట నేరమని మఱికొందఱందురు. 1994 నాటి చట్టము నిషేధించినది లింగనిర్ధారణను. తీవ్రమైన జన్యువ్యాధి యనుమానమున్న కుటుంబములకు నమోదైన కేంద్రములలో పరీక్ష చేయించుకొనుటకు అదే చట్టము అనుమతించుచున్నది. చేయించుకొనవలెనా వద్దా యనునది దంపతుల నిర్ణయము. వైద్యుడు తొందరపెట్టరాదు, అత్తమామలు అసలే కూడదు.

చివరగా భాష. రక్తము తీసికొనుటకు ముందు సంతకము చేయించుకొను అంగీకారపత్రము ఇంగ్లీషులో నుండి, అడుగున వ్రేలిముద్ర యుండుట నేను చూచినాను. అట్టి అంగీకారమును అంగీకారమనుటకు నాకు నోరు రాదు. తమ విశ్వవిద్యాలయమునకు పేరిచ్చిన కాళోజీ గారు జనుల పలుకుబడిలోనే కవిత చెప్పినవారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఈ లేఖలోని గ్రాంథికమును చూచినచో ఆయన నన్ను గట్టిగానే మందలించి యుందురు. ఇది నాకు అబ్బిన శైలి, ఈ వయసున మారదు. పత్రము మాత్రము ములుగు తల్లికి అర్థము కావలెను. మా యూరిలో విశ్రాంతులైన తెలుగు పండితులు కొందఱు ఈ పనికి సిద్ధముగా నున్నారు. తమ ఆచార్యులు ప్రశ్నలను నిర్ణయించి పంపుదురేని, ఆదివారములు కూర్చుండి తెనిగించి, వార్డులలోని తల్లులకు చదివి వినిపించి, వారు తెల్లబోయిన ప్రతి మాటను కొట్టివేసి, వారి మాటనే వ్రాసి, శుద్ధప్రతిని తమ కార్యాలయమున ఒప్పగింతుము. ప్రతిఫల మక్కరలేదు, కాగితముల ఖర్చు మేమే భరింతుము. వచ్చు విద్యాసంవత్సరపు థీసిస్ అంశములు ఖరారగుటకు ముందుగా సమాధానము దయచేయ ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
విశ్రాంత ప్రకృతిశాస్త్రోపాధ్యాయుడు,
హనుమకొండ